బుధవారం పూట హోటలుకి

మొన్న బుధవారం రాత్రి మా వీధి మలుపులో ఉన్న హోటల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని తింటున్నాం. పార్సిల్ కోసం వచ్చిన తెలిసినాయన ఒకరు మా టేబుల్ దగ్గర ఆగి, "ఏంటమ్మా, అందరూ వచ్చేశారు, ఏంటి విశేషం?" అన్నారు. విశేషం ఏమీ లేదండీ, బుధవారం కదా, అన్నాను. ఆయనకి అదో జవాబులా అనిపించలేదు. మా ఆయన వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మేడమ్ గారికి ఒంట్లో బాలేదా సార్?" అని అడిగారు.

అంటే ఇంటి ఆడమనిషి హోటల్లో కూర్చుని అన్నం తింటోందంటే కారణాలు రెండే. ఇంట్లో పండగైనా అయ్యుండాలి, ఆవిడకి జ్వరమైనా వచ్చుండాలి. ఈ రెండూ కాకుండా మామూలు రోజున, మామూలు ఆకలికి, ఇంటి పక్క హోటలుకి వెళ్లి తినడం అనేది మన లెక్కలో ఎక్కడా లేదు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. రెండేళ్ల కిందట నన్నడిగినా నేనూ అదే అనేదాన్ని. కానీ ఇప్పుడు నా అభిప్రాయం పూర్తిగా అటు తిరిగిపోయింది. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ హోటలుకి వెళ్లడం శుద్ధ దండగ. వెళ్తే ఏ విశేషమూ లేని రోజునే వెళ్లాలి.

ఎందుకంటే, పుట్టినరోజు నాడు మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. మా అమ్మాయి పుట్టినరోజు. పొద్దున్నే తలంటు, గుడి. పరమాన్నం వండకపోతే ఎలా, వండాను. పరమాన్నం ఒక్కటీ పెడితే ఏం బావుంటుందని పులిహోర. మధ్యాహ్నం ఆడపడుచు వాళ్లు వస్తున్నారని కూరా, పప్పూ, చారూ. సాయంత్రం పిల్ల స్నేహితులకి కేకు, మిక్స్చరు, పేపరు ప్లేట్లు. ఏడున్నరకి మా ఆయన ఎంతో ఉదారంగా "పదండి, ఇవాళ నీకు వంట లేదు, బయట తిందాం" అన్నారు. అప్పటికే మూడు వంటలయ్యాయి! చీర మార్చుకుని, అత్తయ్యకి మాత్రలు ఇచ్చి, పిల్లలకి బట్టలు తీసి, ఆటో ఎక్కి, ఏసీ హోటల్లో అరగంట టేబుల్ కోసం నిలబడి, పదిన్నరకి ఇంటికొచ్చేసరికి సింకులో పరమాన్నం గిన్నె అడుగంటి నా కోసమే కూర్చుని ఉంది. ఆ గిన్నె తోముతూ అనుకున్నాను, ఈ రోజు నాకు తప్పిన వంట ఏది అని.

పెళ్లిరోజు కథ ఇంకోటి. దానికోసం రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. సముద్రం కనపడే పెద్ద రెస్టారెంటు, పేరెందుకులెండి. బిల్లు చూస్తే కింద సర్వీస్ ఛార్జి అని పది శాతం వేసున్నారు. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి మేనేజరుతో మాట్లాడాను, తీసేశాడు. కానీ ఆ పది నిమిషాల్లో మా ఆయన ముఖం ముడుచుకుపోయింది. "పెళ్లిరోజు కూడా గొడవేనా" అన్నారు. సముద్రం వైపు చూస్తూ ఐస్‌క్రీమ్ తిన్నాం, ఇద్దరం మాట్లాడుకోకుండా.

అక్కడే నాకు తట్టింది. అంత ఖర్చు, అంత తయారీ పెట్టుకున్నాక ఆ పూట బాగా గడిచి తీరాలని అందరికీ టెన్షన్. చారులో ఉప్పెక్కువైతే చారు పాడైనట్టు కాదు, పెళ్లిరోజు పాడైనట్టు. బుధవారం నాడు ఆ బాధ లేదు. ఉప్పెక్కువైతే "ఇవాళ మాస్టరు ఎక్కడో ఆలోచిస్తున్నాడు" అనుకుని పెరుగు కలుపుకుంటాం.

కేంద్ర ప్రభుత్వం వాళ్లు 2024లో జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారట. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు తక్కువ, చేసేవాళ్లు కూడా పెట్టేది 88 నిమిషాలు. ఈ అంకె చదివి మా ఆయనకి చూపిస్తే, ఆ 88 నిమిషాలు ఎవరు చేస్తున్నార్రా బాబూ అని నిజంగానే ఆశ్చర్యపోయారు. నాకు ఆఫీసు ఉంది, ఇంటి పనిలో సగం అత్తయ్య చేస్తుంది, అయినా నేను గడియారం పెట్టుకుని చూసుకుంటే రాత్రి వంట ఒక్కటే, కూర తరగడం దగ్గర్నుంచి స్టవ్ తుడవడం దాకా, గంటా నలభై నిమిషాలు తేలింది. వారానికోసారి ఆ గంటా నలభై నిమిషాలు నాకు కావాలి. అడిగింది అంతే.

అడగ్గానే ఇంట్లో ఏమయిందంటే, ఏ రోజు అన్న దగ్గర ఆగింది. మాది ఒడిశాలోని రాయగడ. మజ్జిగౌరమ్మ గుడి ఊరు అంటే విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి వెంటనే తెలుస్తుంది. మా అత్తయ్య పుట్టిల్లు పార్వతీపురం పక్క పల్లె. వారంలో రోజులన్నీ ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. సోమవారం శివుడు, ఒక్కపొద్దు. మంగళవారం ఆంజనేయస్వామి. లక్ష్మీవారం సరేసరి, మా వైపు గురువారం అనే మాటే నోటికి రాదు, అది లక్ష్మీవారమే. ఒరియా వాళ్లకీ గురువారం లక్ష్మిదే, మార్గశిరంలో ఇంటింటా ముగ్గులేసి మాణబసా అనే లక్ష్మీపూజ చేస్తారు, నీచు ముట్టరు. ఈ విషయంలో మాత్రం సరిహద్దుకి అటూ ఇటూ తేడా లేదు. శుక్రవారం అమ్మవారి దీపం. శనివారం వెంకన్న. ఆదివారం దేవుడికి అభ్యంతరం లేదు గానీ అమ్మవారి దర్శనానికి వచ్చిన వాళ్లతో ఊళ్లో హోటళ్లు కిటకిటలాడతాయి. మనం చెయ్యి కడుక్కోకముందే కుర్చీ వెనకాల ఇంకో కుటుంబం వచ్చి నిలబడుతుంది. ఇక మిగిలింది బుధవారం. "బుధవారం ఎవరిదీ కాదేటి?" అని ఆవిడే కాసేపు వెతికింది, ఎవరూ దొరకలేదు.

అలాగని ఒప్పుకుందని కాదు. మొదటి బుధవారం చెప్పులేసుకుంటూ, "ఏటమ్మా, ఇంట్లో బియ్యం నిండుకున్నాయేటి?" అంది. వీధిలో ఎవరైనా చూస్తారని తల మీద కొంగు కప్పుకుంది. హోటలుకి నడక ఆరు నిమిషాలు.

హోటలంటే పెద్దదేం కాదు. తొమ్మిది టేబుళ్లు. గల్లా వెనక గోడకి జగన్నాథుడు, పక్కనే వెంకటేశ్వరస్వామి, ఇద్దరికీ కలిపి ఒకటే దండ. బోర్డు మీద ఒరియా, తెలుగు, ఇంగ్లీషు. పొద్దున ఇడ్లీ, వడ, ఉప్మా. ఉప్మా మీద ఘుగుని పోసిస్తారు, బఠాణీ కూర. ఇది చూసి రాజమండ్రి నుంచి వచ్చిన మా చెల్లెలు "ఉప్మా మీద కూరేంటే, ఖర్మ" అంది, రెండో రోజు తనే అడిగి పోయించుకుంది. రాత్రిపూట ఇడ్లీ, దోశ, పూరీ, పరోటా, అన్నం, డాల్మా, చేపల కూర, టమాటా ఖట్టా, అంటే తీపీ పులుపూ కలిసిన పచ్చడి. మా తెలుగు వాళ్లు కూర్చున్న టేబుల్‌కి చివర్లో పెరుగు అడక్కుండానే వస్తుంది. పెరుగు లేకుండా మనం లేవమని వాళ్లకి తెలుసు.

డాల్మా మొదటిసారి అక్కడ తిన్నప్పుడు అత్తయ్య చాలాసేపు దాన్ని వేలితో కదిపింది. పప్పులో అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి ముక్కలు వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్రా ఎండుమిరపకాయల పొడి చల్లుతారు. "పప్పూ కాదు, పులుసూ కాదు, మధ్యలో ఉండిపోయింది, మనలాగ" అంది. ఆ మాటలో కొంచెం చరిత్ర కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. తర్వాత కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు 2 నుంచి రాయగడే జిల్లా అయింది. మా మావగారి వాళ్లు ఇల్లు మారలేదు, పై కాగితాల మీద అడ్రసులే మారాయి.

సరే, అసలు సంగతి. ఆ మొదటి రోజు సర్వర్ కుర్రాడు వరసగా అందర్నీ అడుగుతూ వచ్చి, ఆవిడ ముందు నిలబడి "మావుసీ, కొణొ ఖాయిబే?" అన్నాడు. పిన్నీ, ఏం తింటావ్, అని. అత్తయ్యకి ఒరియా బాగా వచ్చు, బజారంతా ఒరియాలోనే బేరమాడుతుంది. అయినా జవాబు చెప్పలేదు. నావైపు చూసి, "మీరేటి తింటే అదే" అంది. వాడు కదల్లేదు. మళ్లీ అడిగాడు. ఈవిడ గోడ మీద రేట్ల పట్టిక చూసింది, పిల్లల వైపు చూసింది, చివరికి "ఏదో ఒకటి తెమ్మను" అని చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాడు ఇడ్లీ తెచ్చాడు, ముసలివాళ్లకి ఇడ్లీయే కదా అని. ఆవిడ తినేసింది.

రెండో బుధవారమూ అంతే. మూడో బుధవారం వాడు నోరు తెరిచేలోపే "ఉల్లి దోశ. ముదరకాల్చమను. మాడిస్తే తినను" అంది. దోశ వచ్చాక అంచు విరిచి, వెనక్కి తిప్పి చూసి, ఉల్లిపాయ మరీ పెద్ద ముక్కలు కోశారని వంటింటి దాకా వెళ్లి మాస్టరుకి చెప్పొచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. మా ఇంట్లో "ఇవాళ ఏం వండమంటారు" అని రోజూ అడిగే మనిషి ఆవిడే. ఎదురు అడిగినవాళ్లం మేమెవరం లేము, నాతో సహా.

ఇక్కడ కొందరు అంటారు, దానికి హోటలు దాకా వెళ్లడమెందుకు, పార్సిల్ తెచ్చుకుంటే సరిపోదా, లేదా ఫోనులో ఆర్డరు పెట్టేస్తే గుమ్మంలోకే వస్తుంది కదా అని. నేను చేసి చూశాను. సాంబారు కవరుకి చుట్టిన దారం ఉంటుంది చూడండి, ముడి కనపడదు, గోళ్లకి దొరకదు, కత్తెర ఎక్కడుందో తెలీదు. పంటితో కొరికితే కవరు మూల చిరిగి సాంబారు సగం గిన్నెలో, సగం గట్టు మీద. చట్నీకి ఇంకో గిన్నె. ప్లేట్లు కడిగి పెట్టాలి, మంచినీళ్లు పెట్టాలి, చల్లారిందంటే మళ్లీ వేడి చెయ్యాలి, తిన్నాక ప్లేట్లు తియ్యాలి, ఆ కవర్లు మర్నాటిదాకా చెత్తబుట్టలో వాసనొస్తూ ఉంటాయి. పార్సిల్ అంటే వంట ఒక్కటీ తీసేసి, వడ్డనా అంట్లూ మనకే ఉంచడం. పైగా "అమ్మా, ఇంకో చెంచా ఏదీ" అని పిలిస్తే లేచేది ఎవరో చెప్పక్కర్లేదు. హోటల్లో అదే పిల్లలు చెంచా కావాలంటే సర్వర్ని పిలుస్తారు. నేను కుర్చీలో ఉంటాను. నాకు కావాల్సింది ఆ కుర్చీ.

డబ్బు మాటకొస్తే, మా ఐదుగురికి ఒక బుధవారానికి అయిదొందల యాభై నుంచి ఆరొందలు. నెలకి నాలుగు వారాలు, 2,400 అనుకోండి. మా అత్తయ్య దీన్ని వెంటనే బియ్యంలోకి మార్చేసింది, ఎన్ని కిలోలొస్తాయో లెక్కగట్టి. నేనూ ఒక లెక్క తీశాను. మా ఆయన పొద్దున పదిన్నరకి ఒకసారి, సాయంత్రం నాలుగుకి ఒకసారి టీ తాగుతారు, దాంతోపాటు సింగడా, అదే సమోసా. ఒక నెల రోజులు రాయమన్నాను. తనకి, అప్పుడప్పుడు స్నేహితులకి కలిపి 1,900 తేలింది. పిల్లల చిప్స్ ప్యాకెట్లూ నూడుల్సూ వేరే. ఇదంతా బయటి తిండి కాదా? 2023-24 కేంద్ర సర్వే ప్రకారం పట్టణాల్లో మనిషి నెల ఖర్చులో దాదాపు 11 శాతం పానీయాలకీ, చిరుతిళ్లకీ, బయట తయారైన తిండికీ పోతోంది, పల్లెల్లో కూడా పది శాతానికి దగ్గర్లో ఉంది. అంటే మనం బయట తినని జాతేం కాదు. ఎవరికి వాళ్లం నిలబడి, విడివిడిగా, లెక్కలేకుండా తింటున్నాం. ఇంటిల్లిపాదీ కలిసి ఒక చోట కూర్చుంటేనే అది దుబారా అవుతోంది. ఈ మాటకి మా ఆయన దగ్గర ఇంతవరకు సమాధానం లేదు. సింగడాలు కొంచెం తగ్గాయి.

ఆరోగ్యం గురించి అడిగితే మాత్రం నేను పూర్తిగా నెగ్గలేను. ఒకసారి రాత్రి కొబ్బరి చట్నీ కొంచెం పులిసింది, మా అమ్మాయికి రెండ్రోజులు విరేచనాలు. "డబ్బులిచ్చి జబ్బు కొనుక్కున్నాం" అని అత్తయ్య వారం రోజులంది. నేను మర్నాడే వెళ్లి గల్లా దగ్గర చెప్పాను. ఆయన వాదించలేదు, రాత్రిపూట కొబ్బరి చట్నీ మానేసి పల్లీ చట్నీ పెట్టాడు. ఇంటి పక్క హోటలుతో ఉన్న సుఖం ఇదే, రేపు మళ్లీ ముఖం చూసుకోవాలి, ఆయనకీ తప్పదు, మాకూ తప్పదు. వాడిన నూనె మళ్లీ మళ్లీ కాస్తే అందులో పుట్టే చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి పరిమితి పెట్టింది. దాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు గానీ, వంటిల్లు నా కుర్చీలోంచి కనిపిస్తుంది. మూకుడులో నూనె నల్లగా ఉంటే ఆ రోజు పూరీ వద్దంటాం. విశాఖలో సముద్రం కనపడింది, మూకుడు కనపడలేదు.

ఇంకో ప్రశ్న ఉంది, దీన్ని నన్ను ఎవరూ అడగలేదు, నాకు నేనే అడుక్కున్నాను. మా ఇంటి అంట్లు తప్పాయి సరే, ఆ అంట్లు ఎవరు తోముతున్నారు? చేతులు కడుక్కునే చోటు వెనక చిన్న పెరడు ఉంది. అక్కడ ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూనో, కొళాయి కింద ప్లేట్లు తోముతూనో ఉంటుంది. నావయసే. కొన్ని వారాలయ్యాక పలకరించాను. పొద్దున పదికి వస్తుందట, రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తుందట. "మరి ఇంట్లో వంటెవరు చేస్తారు?" అన్నాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "వెళ్లి వండుతాను కదమ్మా" అంది. కొన్ని రోజులు మిగిలిన అన్నం, డాల్మా డబ్బాలో పెట్టిస్తారట. ఆ రోజుల్లో వండదు. మిగలని రోజుల్లో వండుతుంది. ఆవిడకి జీతముంది, మా ఇంట్లో ఆ పనికి జీతం లేదు, ఆ మేరకి ఇది మెరుగే అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ మేం ఎక్కువమంది తింటే ఆవిడ డబ్బాలోకి మిగిలేది తగ్గుతుంది, ఇదీ నిజమే. తర్వాతి వారం నుంచి ఒక డాల్మా, అన్నం మా బిల్లులో కలిపించి ఆవిడకి ఇవ్వమన్నాను. ఆవిడ మొదటిసారి వద్దంది, రెండోసారి తీసుకుంది. దీనివల్ల లోకం మారిందని నేననుకోవడం లేదు, నా దోశ గొంతు దిగడానికి చేసుకున్న ఏర్పాటు అనుకోండి.

హోటలాయన వైపు నుంచి కూడా చూడండి. మాస్టరు జీతం, అద్దె, పందొమ్మిది కిలోల సిలిండరు, ఇవి ఆదివారానికి ఎంతో బుధవారానికీ అంతే. ఆదివారం గుడి నుంచి వచ్చే జనం మళ్లీ ఆర్నెల్లకి గానీ రారు. బుధవారం తొమ్మిది టేబుళ్లలో మూడు నిండితే గొప్ప. కార్తీకమాసం వచ్చిందంటే ఇంకా దిగాలు. తెలుగు వాళ్లూ మానేస్తారు, ఒరియా వాళ్లూ మానేస్తారు, చేపల కూర గిన్నె బోర్లించేస్తాడు. ఒరియా వాళ్లకి కార్తీకం పౌర్ణమితోనే అయిపోతుంది, దాని చివరి ఐదు రోజులు పంచుక, ఆ ఐదు రోజులు కొంగ కూడా చేపని ముట్టదని ఒరియాలో అంటారు. పౌర్ణమి దాటిన మర్నాడు ఛాడఖాయి, నెల రోజుల నియమం ఒక్కసారిగా వదిలే రోజు. ఆ రోజు మాంసం కొట్ల ముందు వరస, హోటల్లో నిలబడే చోటుండదు. మేం ఆ రోజు వెళ్లం. కార్తీకంలో నాలుగు బుధవారాలూ వెళ్తాం, ఉల్లి వెల్లుల్లి లేని డాల్మా తింటాం. గల్లాలో ఆయన ఒకసారి లెక్క చూసుకుంటూ, మీ టేబులు డబ్బులు పాల బాకీకి సరిపోతాయమ్మా, అన్నాడు. పొగడ్తో, బాధో తెలీలేదు.

ఇంతా చెప్పాక ఒక్క సంగతి దాచకూడదు. లక్ష్మీవారం పొద్దున మా ఇంట్లో ఇడ్లీ. అది అత్తయ్య పెట్టిన కట్టుబాటు, నేనొచ్చే ముందు నుంచీ ఉంది. దానికి బుధవారం పొద్దున్నే మినప్పప్పు నానబొయ్యాలి, సాయంత్రం రుబ్బాలి. హోటలుకి బయల్దేరే ముందు ఏడింటికి గ్రైండరు కడిగి, పిండి గిన్నెకెత్తి, గట్టు తుడిచి, అప్పుడు ఆవిడ చీర మార్చుకుంటుంది. హోటల్లో దోశ పిండి దొరుకుతుందట, అడిగితే లీటరు లెక్కన ఇస్తారట, నేనే కనుక్కున్నాను. ఆ మాట ఇంకా ఇంట్లో ఎత్తలేదు.